మూగతెర నోరు విప్పిన వేళ

చలనచిత్రానికి పుట్టుకతోనే మాట రాలేదు. 1895లో లూమియేర్ సోదరులు పారిస్ నగరంలో రుసుము తీసుకొని ప్రజలకు చిత్రాలను ప్రదర్శించిన నాటి నుంచి సుమారు మూడు దశాబ్దాల పాటు తెరమీది మనుషులు పెదవులు కదిపారే గాని, వారి పలుకు ప్రేక్షకుని చెవిని చేరలేదు. కథకు తప్పనిసరి అయిన మాటలు నడుమ నడుమ అక్షరాలుగా తెరపై కనిపించేవి. చిన్న ఊళ్ళలో ఒక పియానో, పెద్ద నగరాలలోనైతే పూర్తి వాద్యబృందం ప్రదర్శనశాలలోనే కూర్చుండి సంగీతాన్ని సమకూర్చేవి. ఆ మౌనంలోనే ఒక గొప్ప అభినయకళ పెరిగి పెద్దదైంది. కనుబొమ్మ కదలికలో కోపాన్ని, వేళ్ళ వణుకులో భయాన్ని చూపగల నటీనటులు లోకమంతటా ఆరాధ్యులయ్యారు. వారి మాతృభాష ఏదో, వారి గొంతు ఎటువంటిదో ఎవరికీ అవసరం లేకపోయింది.

1927 అక్టోబర్ 6న న్యూయార్క్‌లో వార్నర్ బ్రదర్స్ సంస్థ ‘ది జాజ్ సింగర్’ చిత్రాన్ని విడుదల చేసింది. ఆ చిత్రంలో అధికభాగం మూకీయే. కొన్ని పాటలు, వాటి నడుమ కొద్దిపాటి మాటలు మాత్రమే వినిపిస్తాయి. అయినా ఆ కొద్ది మాటలకే ప్రేక్షకులు పరవశించిపోయారు. మూడేళ్ళు తిరిగేసరికి హాలీవుడ్‌లోని పెద్ద స్టూడియోలు మూకీల నిర్మాణాన్ని దాదాపు నిలిపివేశాయి. నిన్నటి వరకు కళ్ళతో చూసి ఎన్నుకొన్న తారలను ఇప్పుడు చెవులతో విని తూచవలసి వచ్చింది. ఈ గందరగోళాన్ని కథావస్తువుగా చేసుకొని, ప్రణయాన్ని హాస్యంతో రంగరించి, 1952లో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ అందించిన సంగీతభరిత చిత్రం ‘సింగిన్ ఇన్ ది రెయిన్’. ‘వానలో పాడుతూ’ అని ఆ పేరుకు అర్థం. హాలీవుడ్ తనను తాను చూసి నవ్వుకొన్న చిత్రాలలో దీనికి సాటి రాగలవి అరుదు.

ఈ చిత్రం పుట్టిన తీరే కొంత విచిత్రమైనది. సాధారణంగా కథ ముందు పుడుతుంది, పాటలు తరువాత చేరుతాయి. ఇక్కడ పాటలు ముందే ఉన్నాయి. నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ ఒకప్పుడు గీతరచయిత. స్వరకర్త నేసియో హెర్బ్ బ్రౌన్‌తో కలిసి 1920ల చివరి నుంచి అతడు రాసిన పాటలు సంస్థ వద్ద నిలువ ఉన్నాయి. పేరుకు మూలమైన వానపాట కూడ 1929 నాటి ‘హాలీవుడ్ రెవ్యూ’ చిత్రంలో వినిపించినదే. ఈ పాత పాటలను కూర్చి ఒక కథ అల్లవలసిందిగా బెట్టీ కామ్‌డెన్, అడాల్ఫ్ గ్రీన్ అనే రచయితల జంటను ఫ్రీడ్ కోరాడు. గుండీలు చేతికిచ్చి వాటికి తగిన చొక్కా కుట్టమన్నట్లున్న ఆ పని వారిని మొదట కొంత తికమక పెట్టింది. అయితే ఆ పాటలన్నీ మూకీ పోయి టాకీ వచ్చిన సంధికాలానికి చెందినవన్న సంగతి వారికి స్ఫురించింది. ఇక కథను వెదకవలసిన పని లేకపోయింది. ఆనాటి స్టూడియోలలో పనిచేసిన పాతతరం వారు హాలీవుడ్‌లో ఇంకా చాలామంది ఉన్నారు. వారి జ్ఞాపకాలే సన్నివేశాలయ్యాయి. జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ కలిసి దర్శకత్వం వహించారు. కథానాయకుడు కూడ కెల్లీయే.

కథ 1927లో ఒక కొత్త చిత్రం తొలి ప్రదర్శనతో మొదలవుతుంది. డాన్ లాక్‌వుడ్, లీనా లామాంట్ మూకీ చిత్రాలలో పేరుపొందిన జంట. వారు నిజజీవితంలోను ప్రేమికులేనని పత్రికలు కోడై కూస్తుంటాయి. డాన్ ధ్వనివాహిని ముందు నిలిచి తన జీవితకథను గంభీరంగా వినిపిస్తాడు. తాను ఎల్లవేళలా హుందాతనాన్నే నమ్ముకొన్నానని, ఉత్తమ విద్యాలయాలలో కళను అభ్యసించానని అతడు చెబుతుండగా, తెరమీద కనిపించే దృశ్యాలు వేరు. పానశాలలలో చిల్లరకోసం ఆడిన ఆటలు, మూడవ తరగతి రంగస్థలాల మీద ప్రేక్షకుల ఈసడింపులు, ఇతర నటుల బదులు తాను దెబ్బలు తిన్న రోజులు వరుసగా సాగిపోతాయి. చెవి ఒకటి వింటుంది, కన్ను మరొకటి చూస్తుంది. చిత్రమంతటికీ ఇదే కీలకం. మాటకూ దృశ్యానికీ పొత్తు కుదరకపోవడమే ఇందులోని హాస్యానికి మూలధాతువు.

లీనా అందగత్తె. కాని ఆమె గొంతు చెవులు చిల్లులు పడేంత కీచుగొంతు. మూకీల కాలంలో ఆ సంగతి లోకానికి తెలియదు. తెలియనివ్వకుండా స్టూడియో వారు ఆమెను ఎక్కడా మాట్లాడనివ్వరు. సభలలో ఆమె పక్షాన డానే మాట్లాడుతాడు. మూకీ చిత్రీకరణ జరిగే ఒక సన్నివేశం ఇక్కడ పేర్కొనదగినది. తెరమీద ఇద్దరూ ఒకరినొకరు గాఢంగా ప్రేమించుకొంటున్నట్లే కనిపిస్తుంది. నిజానికి ఆ కౌగిలిలోనే వారు ఒకరినొకరు తిట్టుకొంటుంటారు. మాట వినిపించదు కనుక ఎంత తిట్టుకొన్నా చిత్రానికి నష్టం లేదు. మూకీ అభినయంలోని బూటకాన్ని ఇంత క్లుప్తంగా చూపిన ఘట్టం మరొకటి అరుదు.

అభిమానుల తాకిడి నుంచి తప్పించుకోబోయి డాన్ ఒక యువతి నడుపుతున్న కారులోకి దూకుతాడు. ఆమె క్యాథీ సెల్డన్. తాను రంగస్థల నటినని, తెరమీది మూగనటన అసలు నటనే కాదని ఆమె అతనిని ఎద్దేవా చేస్తుంది. ఆ రాత్రి స్టూడియో అధిపతి ఇంట జరిగిన విందులో ఒక పెద్ద కేకు తెరుచుకొంటే దానిలోనుంచి నర్తకిగా బయటికి వచ్చినది ఆ రంగస్థల నటియే. గొప్పలు చెప్పుకోవడంలో నాయికా నాయకులు ఒకరికొకరు తీసిపోరన్నమాట. ఆ అవమానంతో ఆమె డాన్ మీదికి విసిరిన కేకు గురితప్పి లీనా ముఖానికి తగులుతుంది. ప్రణయకథకు ఇది శుభారంభం.

అదే విందులో మాట్లాడే చిత్రం నమూనా ఒకటి ప్రదర్శిస్తారు. అతిథులు దానిని ఆటబొమ్మగా కొట్టిపారేస్తారు. కొద్ది వారాలకే ‘జాజ్ సింగర్’ విజయవార్త వస్తుంది. సగం తీసిన మూకీని టాకీగా మార్చవలసిందేనని అధిపతి ఆజ్ఞాపిస్తాడు. ఉచ్చారణ నేర్పే గురువులు స్టూడియోలో ప్రవేశిస్తారు. అసలు తంటా చిత్రీకరణ వేదిక మీద మొదలవుతుంది. ధ్వనిగ్రాహకాన్ని పొదలో దాచిపెడతారు. లీనా దాని వైపు తిరిగి మాట్లాడాలన్న సంగతి మరచిపోతుంది. తల ఇటు తిప్పితే మాట వినిపిస్తుంది, అటు తిప్పితే మాయమవుతుంది. దానిని తీసి ఆమె దుస్తులలో అమరిస్తే, పలుకులకంటె గుండెచప్పుడే బిగ్గరగా వినిపిస్తుంది. భుజం మీది పూలగుత్తిలోకి మార్చాక, సెట్టులోకి వచ్చిన అధిపతి నేలమీది తీగను చూసి, ఇదేమిటని పట్టి లాగుతాడు. ఆ తీగతోపాటు నాయిక కూడ తలకిందులవుతుంది.

ఇవి అతిశయోక్తులే అయినా ఆధారం లేనివి కావు. తొలినాటి కెమెరా నడుస్తున్నప్పుడు పెద్ద చప్పుడు చేసేది. ఆ చప్పుడు ధ్వనిముద్రణలో పడకుండ కెమెరాను, దానిని నడిపే వ్యక్తిని కూడ గాలి చొరని ఒక గదిలో పెట్టి తలుపు మూసేవారు. లోపలి ఉక్క అంతా ఇంతా కాదు. అంతవరకు నటుల వెంట స్వేచ్ఛగా పరుగెత్తిన కెమెరా అలా కదలలేని బందీ అయింది. చిత్రీకరణకు వాడే ఆర్క్ దీపాలు బుసకొట్టినట్లు చప్పుడు చేస్తాయి కనుక వాటిని కూడ మార్చవలసి వచ్చింది. ధ్వనిగ్రాహకాన్ని పూలకుండీలలోను, బల్లల మీది వస్తువులలోను దాచడం నిజంగా జరిగినదే. పొడవైన కర్రకు దానిని వేలాడదీసి నటుల తలల మీదుగా నడిపించే పద్ధతి స్థిరపడేదాక ఈ అవస్థలు తప్పలేదు.

తెలుగు టాకీ తొలిరోజులలోను ఇటువంటి ఇక్కట్లే ఎదురయ్యాయి. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో రూపొంది 1932 ఫిబ్రవరి 6న విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ కాలంలో నేపథ్యగానం లేదు. నటీనటులు నటిస్తూనే పాడాలి. వాద్యకారులు కెమెరా కంటికి కనబడని చోట ఒదిగి కూర్చుండి వాయించాలి. అందువల్లనే సురభి వంటి నాటక సమాజాలలో పాటా పద్యమూ నేర్చినవారికి ఆనాటి చిత్రాలలో ఆదరణ లభించింది. హాలీవుడ్‌లో మాట ఎవరి పదవులను ఊడగొట్టిందో, ఇక్కడ పాట ఎవరికి పీట వేసిందో పోల్చి చూడటం ఆసక్తికరం.

మళ్ళీ కథలోకి వస్తే, ఎన్నో పాట్లు పడి పూర్తిచేసిన చిత్రాన్ని విడుదలకు ముందు కొందరు ప్రేక్షకులకు చూపిస్తారు. మెడలోని ముత్యాల సరాన్ని లీనా తడిమితే రాళ్ళవాన కురిసినట్లు చప్పుడు. నాయకుడు రచయిత రాసిన మాటలను పక్కకు నెట్టి, ప్రేమిస్తున్నానన్న ఒక్క మాటనే పదేపదే పలుకుతుంటే హాలంతా పగలబడి నవ్వుతుంది. మూకీలో అయితే అదే ఘట్టం కన్నీరు తెప్పించి ఉండేది. పిదప ధ్వనికీ బొమ్మకూ పొత్తు తప్పుతుంది. ప్రతినాయకుడు నోరు తెరిస్తే నాయిక గొంతు, నాయిక తల ఆడిస్తే ప్రతినాయకుని గొంతు వినవస్తాయి.

ఈ పొత్తు తప్పడానికి కారణం తెలిస్తే నవ్వు మరింత పండుతుంది. వార్నర్ సంస్థ వాడిన వైటాఫోన్ పద్ధతిలో బొమ్మ ఫిల్ము మీద, ధ్వని విడిగా ఒక పెద్ద గ్రామఫోను పళ్ళెం మీద ఉండేవి. పదహారు అంగుళాల ఆ పళ్ళెం నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ ఒక ఫిల్ము చుట్టకు సరిపడ, అంటే సుమారు 11 నిమిషాల ధ్వనిని వినిపించేది. ఫిల్ము ఎక్కడైనా తెగితే చిరిగిన ముక్కను తీసివేసి అతికించాలి. సెకనుకు 24 బొమ్మలు కదిలే చిత్రంలో పన్నెండు బొమ్మలు పోయాయంటే బొమ్మ ధ్వనికంటె అరసెకను ముందుకు జరిగిపోయినట్లే. సూది పళ్ళెం మీద ఒక గాడి దాటి పక్క గాడిలో పడినా ఇదే ఫలితం. తరువాత ధ్వనిని ఫిల్ము అంచునే ముద్రించే పద్ధతి నిలదొక్కుకొన్నాక ఈ బాధ చాలవరకు తీరింది.

భారతీయ నాట్యశాస్త్ర దృష్టితో చూస్తే ఈ ఘట్టం మరింత అర్థవంతమవుతుంది. భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. మూకీ చిత్రం వాచికాన్ని వదలుకొని మిగిలిన మూడింటి బలంతో నిలిచిన కళ. ఒక్కసారిగా నాలుగవది వచ్చి చేరడంతో, అంతవరకు కొరత తెలియకుండ నెట్టుకొచ్చిన ఆంగికం అతిగా కనిపించసాగింది. శృంగారం నుంచి హాస్యం పుడుతుందని, శృంగారానికి అనుకరణమే హాస్యమని కూడ భరతుడు చెప్పాడు. డాన్, లీనాల ప్రణయ సన్నివేశానికి ప్రేక్షకులు నవ్వడంలోని రహస్యం సరిగ్గా అదే. వారు చూసినది ప్రేమను కాదు, ప్రేమ యొక్క అనుకరణను. అది దొంగ సరుకని మాట చేరగానే బయటపడింది.

డాన్ చిరకాల మిత్రుడైన కాస్మో బ్రౌన్ సంస్కృత నాటకంలోని విదూషకునికి దగ్గరి చుట్టం. ఎగతాళి మాటల నడుమ నాయకునికి దారి చూపేవాడు అతడే. పరాజయం పాలైన చిత్రాన్ని పాటల చిత్రంగా మార్చాలని డాన్, క్యాథీలతో కలిసి ఆ రాత్రి నిశ్చయించుకొన్నాక, లీనా గొంతుకు బదులు క్యాథీ గొంతును వాడుదామన్న ఉపాయం అతని తలలోనే మెరుస్తుంది. క్యాథీని ఇంటి గుమ్మం వద్ద దిగవిడిచిన డాన్ వానను లెక్కచేయక, గొడుగు మూసి, వీధిదీపం స్తంభాన్ని పట్టుకొని, నీటిమడుగులలో చిన్నపిల్లవానివలె ఎగురుతూ పాడే పాట ఇక్కడే వస్తుంది. ఆ వానచినుకులు స్పష్టంగా కనిపించడానికి నీటిలో పాలు కలిపారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది కట్టుకథ. చినుకుల వెనుక నుంచి దీపాల వెలుగు పడేటట్లు అమర్చడమే అందులోని నేర్పు.

తెరమీది ఈ సంబరం వెనుక శ్రమ తక్కువది కాదు. క్యాథీగా నటించిన డెబ్బీ రెనాల్డ్స్‌కు 1951లో చిత్రీకరణ జరిగేనాటికి పందొమ్మిదేళ్ళు. నృత్యంలో శిక్షణ పొందినది కాదు. కెల్లీ పెట్టిన కఠోర సాధనకు తట్టుకోలేక ఒకనాడు పియానో కింద దాగి ఏడ్చానని, సుప్రసిద్ధ నర్తకుడు ఫ్రెడ్ ఆస్టేర్ తనను చూసి ఊరడించాడని ఆమె తరువాత చెప్పుకొంది. కాస్మోగా నటించిన డొనాల్డ్ ఓకానర్ గోడలెక్కి పల్టీలు కొట్టే పాట ముగిశాక కొన్నాళ్ళు మంచం పట్టవలసి వచ్చిందట. చిత్రంలో లోపాలు లేవని కాదు. చివరిభాగంలో వచ్చే బ్రాడ్‌వే నృత్యరూపకం పదమూడు నిమిషాల పాటు సాగుతుంది. సిడ్ చరిస్ నర్తనం కన్నులపండువే. అయినా కథ అంతసేపు గుమ్మం బయట నిలిచి ఎదురుచూడవలసి రావడం రసపోషణకు మేలు చేయలేదు.

చిత్రం లీనాను చూసి నవ్విస్తుంది. ఆ నవ్వు అంతటా న్యాయమైనదేనా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. గొంతు బాగుండకపోవడం నేరం కాదు. నిన్నటి దాక ఆ ముఖంతోనే సంస్థ లాభాలు గడించింది. పైగా ఆమె అందరూ అనుకొన్నంత మూఢురాలు కాదు. తన ఒప్పందపత్రాన్ని క్షుణ్ణంగా చదివినది ఆమె ఒక్కతే. తనను లోకంలో నవ్వులపాలు చేస్తే సంస్థ మీద దావా వేయగలనని అధిపతికి గుర్తుచేసి, చిత్రంలో క్యాథీ పేరు లేకుండ చేయిస్తుంది. అంతటితో ఆగక, క్యాథీ ఇకముందు తెరచాటున తన గొంతుగానే బతకాలని పట్టుబడుతుంది. అధిపతి మొగమాట పడతాడే గాని కాదనడు. ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. ఒక మనిషి కష్టాన్ని మరొకరి పేరిట జమకట్టే అధికారం ఒక కాగితానికి ఉన్నదన్న కఠోర సత్యం ఎదుట నిలుస్తుంది. జీన్ హేగెన్ ఈ పాత్రను ఎంత చక్కగా పోషించిందంటే, ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ బహుమతికి ఆమె పేరు పరిశీలనకు వచ్చింది.

కొత్త చిత్రం తొలి ప్రదర్శన విజయవంతమవుతుంది. గర్వంతో లీనా ఈసారి తానే ప్రేక్షకులతో మాట్లాడుతుంది. ఆ కీచుగొంతు విని విస్తుపోయిన జనం పాడమని కేకలు పెడతారు. విధిలేక ఆమె ముందు నిలిచి పెదవులు కదుపుతుంటే, తెరవెనుక క్యాథీ నిలిచి పాడుతుంది. అప్పుడు డాన్, కాస్మో, అధిపతి ముగ్గురూ కలిసి తెరతాడు లాగుతారు. సంస్కృత నాటకాలలో నేపథ్యమంటే తెర వెనుకటి వేషధారణ స్థలం. అక్కడి నుంచి వినవచ్చే మాటలకు నాటకకర్తలు ‘నేపథ్యే’ అని సూచన రాసేవారు. తెలుగువారు వాడే ‘నేపథ్యగానం’ అన్న మాటకు మూలం అదే. నేపథ్యం ఒక్కసారిగా వెలుగులోకి వచ్చిన ఆ క్షణంలో క్యాథీ సిగ్గుతో, అవమానంతో పరుగెత్తిపోబోతుంది. ఆ గొంతు ఎవరిదో డాన్ సభకు చాటుతాడు.

ఒకరి ముఖానికి మరొకరి గొంతు అతికించడం కేవలం రచయితల ఊహ కాదు. 1929లో ఇంగ్లండులో హిచ్‌కాక్ ‘బ్లాక్‌మెయిల్’ చిత్రాన్ని టాకీగా మార్చినప్పుడు, కథానాయిక ఆనీ ఓండ్రాకు చెక్ యాస ఉండటంతో, జోన్ బారీ అనే నటి కెమెరాకు కనబడకుండ నిలిచి మాటలు పలికింది. ఓండ్రా వాటికి తగినట్లు పెదవులు కదిపింది. తెలుగు చిత్రాలలోను పరభాషా నటీమణులకు గొంతు అరువిచ్చిన వారెందరో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది బహుమతులలో డబ్బింగ్ కళాకారులకు కూడ చోటు కల్పించింది.

‘సింగిన్ ఇన్ ది రెయిన్’ కీర్తి విడుదలైన నాటికంటె కాలం గడిచిన కొద్దీ పెరిగింది. 1989లో అమెరికా ప్రభుత్వం భద్రపరచదగిన జాతీయ చిత్రాలుగా ఎంపిక చేసిన మొదటి పాతికలో ఇది ఒకటి. 2006లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సంగీతభరిత చిత్రాల జాబితాలో దీనిని ప్రథమస్థానంలో నిలిపింది. అయితే ఈ చిత్రం చరిత్రలో ఒక వింత మలుపు ఉంది. క్యాథీ లీనాకు మాటలు అరువిచ్చే సన్నివేశంలో మనకు వినిపించేది డెబ్బీ రెనాల్డ్స్ గొంతు కాదు, జీన్ హేగెన్ సహజకంఠమే. నిజజీవితంలో ఆమెది చక్కని గంభీరమైన గొంతు. అంటే కీచుగొంతు నటియే తనకు అరువిచ్చిన నటికి అరువిచ్చిందన్నమాట. ఇక క్యాథీ లీనా కోసం పాడినట్లు చూపిన ‘వుడ్ యూ’ అనే పాటను పాడినది బెట్టీ నోయెస్ అనే గాయని. చిత్రం చివర ఒక పెద్ద ప్రకటన ఫలకం మీద డాన్ పేరు పక్కన క్యాథీ పేరు మెరుస్తుంది. చిత్రం పేర్ల పట్టికలో బెట్టీ నోయెస్ పేరు ఎక్కడా లేదు.